నేను ఎర్ర చుక్క పెట్టిన ర్యామ్

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను కనిపెట్టింది కాదు, పెళ్లైన నెలకే మా ఇంటాయన చెప్పాడు. పాలు పోస్తుంటే గిన్నెలోకి తొంగి చూస్తాను. కూరగాయలు తూస్తుంటే తక్కెడ కింద చేయి పెట్టి చూస్తాను. తాళం వేశాక మూడుసార్లు లాగి, సందు చివరిదాకా పోయి, తిరిగొచ్చి ఇంకోసారి లాగుతాను. "నీకు నీ నీడ మీద గూడ అనుమానమే" అంటాడాయన. అననీ. ఇన్నేళ్లలో ఎవ్వరూ నన్ను ముంచలేదంటే ఆ అనుమానం పుణ్యమే కదా అని లోలోపల మురిసిపోయేదాన్ని. అదే అనుమానంతో ఆర్మూరులో ఒక మనిషి పేరు చెడగొట్టాను. ఆ మనిషికి పేరు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ సంగతే రాస్తున్నాను.

మాది టైపింగ్ దుకాణం. పసుపు మార్కెట్ వెనక సందులో ఒకటే గది. పెళ్లి పత్రికలు, అర్జీలు, బడుల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఎవరిదో సంతాప ప్రకటన. కంప్యూటర్ పాతది. కొన్నప్పుడు తెల్లగా ఉన్న డబ్బా ఇప్పుడు పాత దిండు గలీబు రంగుకు తిరిగింది. కొత్తది కొనుక్కోరాదా అని వచ్చిన ప్రతివాళ్లూ సలహా ఇస్తారు. సలహాకేం, నోరుంటే చాలు. నేను నేర్చుకున్న పాత తెలుగు కీబోర్డు ఆ డబ్బాలోనే నడుస్తుంది. కొత్తదాంట్లో వేసి చూస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి. ఒక పత్రికలో పెళ్లికొడుకు ఇంటిపేరు చూసి వాళ్ల మేనమామ నన్ను కొట్టినంత పని చేశాడు. కాబట్టి ఆ డబ్బా ఉంటేనే నా దుకాణం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదలైంది. భీమ్‌గల్ నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చి పెళ్లి పత్రిక చూసుకుంటున్నారు. ముహూర్తం లైనును కొంచెం కిందికి జరపమంటే జరుపుతున్నాను. టక్కున తెర నల్లబడింది. మానిటర్ మూలన చిన్న లైటు మిణుకుమిణుకుమంటోంది. 'నో సిగ్నల్' అనే రెండు ముక్కలు తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాయి. డబ్బాలో ఫ్యాన్ మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. ఆపి మళ్లీ వేస్తే లోపలి నుంచి పొడుగ్గా కూతలు మొదలయ్యాయి.

"ఏందక్కా, గట్ల ఒర్లుతున్నది?" అంది పెళ్లికూతురు.

"ఏం కాలేదు బిడ్డా, చాయ్ తాగి రాపో" అని వాళ్లను పంపించి, పక్క గదిలో ఉండే టైలరమ్మ మీద అనుమానపడ్డాను. ఆమె కుట్టు మిషన్‌కు కొత్తగా మోటారు పెట్టించుకుంది. కరెంటంతా అదే గుంజుతోందని నా లెక్క. పోయి అడిగితే, "మిషన్ నిన్నటి సంది బందే ఉన్నది వదినా" అని దారం ఎక్కించని సూది చూపించింది. సరే అని భాయ్‌కి ఫోన్ చేశాను.

భాయ్ అంటే మా ఊరి కంప్యూటర్ మెకానిక్. ఊరంతా భాయ్ అనే పిలుస్తుంది, నాకు పదిహేనేళ్లుగా తెలుసు. నన్ను చెల్లె అనేవాడు. ఒకప్పుడు డబ్బా టీవీలు బాగుచేసేవాడు. టీవీలు సన్నబడి గోడలకు ఎక్కాక, అరవైకి దగ్గర పడుతున్న వయసులో కంప్యూటర్లు నేర్చుకున్నాడు. పాత బస్టాండు దగ్గర ఆయన కొట్టు. అందులో ఆయనకొక పద్ధతి. వస్తువు తెచ్చినవాళ్లను కూర్చోనివ్వడు. "ఇడిసిపెట్టి పో, బజార్ చేసుకొని రా" అంటాడు. చీటీ రాయడు, రసీదు ఇవ్వడు. కమ్మర్‌పల్లి నుంచి, దొంకేశ్వర్ నుంచి వచ్చినవాళ్లు కూడా బల్ల మీద పెట్టేసి పోయేవాళ్లు. సాయంత్రం వస్తే వస్తువు తుడిచి పెట్టి ఉండేది. ఎవరైనా పక్కన నిలబడి చూస్తే, "డాక్టర్ ఆపరేషన్ చేస్తుంటే లోపలికి పోతవా? పో!" అని కసిరేవాడు. ఆ కసురు ఎవరికీ నొప్పిగా ఉండేది కాదు.

మా దుకాణానికి వచ్చి డబ్బా పక్క రేకు విప్పాడు. లోపల రెండు ర్యామ్‌లు ఉన్నాయి. వేలికంటే కొంచెం పొడుగున్న ఆకుపచ్చ పలకలు, అంచుకు బంగారు రంగు పళ్లు. వాటిని పీకి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరుతో ఆ పళ్లు రుద్ది, బ్రష్షుతో దులిపి మళ్లీ పెట్టాడు. మీట నొక్కగానే తెర వెలిగింది.

"మిట్టీ చెల్లె, లోపల అంత దుమ్ము" అన్నాడు. తర్వాత వెనక కిటికీ వైపు చూసి, "గీ గోనె సంచి తీసెయ్ ఈడికెళ్లి" అన్నాడు.

ఆ గోనె సంచి సంగతి చెప్పాలి. కిటికీ అవతల పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే షెడ్డు ఉంది. డ్రమ్ము తిరిగినంతసేపూ పచ్చటి ధూళి గాలిలో లేస్తుంది. ఆ ధూళి రాకుండా, ఎండ పడకుండా మార్కెట్లో దొరికిన గోనె సంచి ఉతికి రెండు మడతలుగా కిటికీకి కట్టాను. రోజుకు మూడుసార్లు దాని మీద నీళ్లు చల్లేదాన్ని. చల్లటి గాలి వచ్చేది. కూలర్ కొనకుండా పని జరుపుకున్నానని అందరికీ చెప్పుకున్నాను. అలాంటి గోనె తీసేయమంటాడేంటి? ఆలోచించాను. గోనె తీస్తే షెడ్డు ధూళి లోపలికి వస్తుంది. వస్తే డబ్బా పాడవుతుంది. పాడైతే మళ్లీ ఈయన్నే పిలవాలి. అబ్బ, ఏం తెలివి అనుకున్నాను. ఆరోజు నుంచి ఇంకో మగ్గెడు నీళ్లు ఎక్కువే చల్లాను.

పన్నెండు రోజులకు మళ్లీ తెర పోయింది. తర్వాత వారానికి. ఆ తర్వాత నాలుగు రోజులకు. భాయ్ పాపం అన్నీ చూశాడు. మానిటర్ తీగ మార్చి చూశాడు. వేరే మానిటర్ తెచ్చి తగిలించాడు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది మార్చాడు. కరెంటు డబ్బా విప్పి ఉబ్బిన కెపాసిటర్ ఒకటి పీకి కొత్తది అతికించాడు. 'పాపం' అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నా మనసులో ఆ మాట లేదు. ఆయన చెయ్యి పెట్టగానే వచ్చే తెర ఆయన గడప దాటాక ఎన్నాళ్లుంటుందో చూస్తూ ఉండేదాన్ని. ఒకసారైతే ఆయన రేకు విప్పకముందే, ఊరికే మీట నొక్కితే వచ్చింది.

"నిన్ను జూస్తే భయమైనట్టున్నది దీనికి" అన్నాను.

"నన్ను జూసి కాదు, నిన్ను జూసి" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంకో విషయం కూడా నా కంట్లో పడింది. రేకు విప్పగానే ప్రతిసారీ, "చెల్లె, జర చాయ్ చెప్పరాదు" అంటాడు. చాయ్ హోటల్ సందు మలుపులో ఉంది. నేను పోయి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ప్రతిసారీ నన్నే ఎందుకు పంపాలి? ఒకసారి తిరిగి వచ్చేసరికి ఏదో చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. రబ్బరే కావచ్చు. కాకపోనూ వచ్చు.

అప్పుడే టైలరమ్మ ఇంకో మాట అంది. "పాత ర్యామ్‌లకు మస్తు గిరాకి ఉన్నదట వదినా. కొత్తయి దొరుకుతలేవంట. మంచిది తీస్కొని పాడైంది పెడుతరట, మా తమ్ముడు చెప్పిండు." ఆ తమ్ముడు బ్యాండు మేళంలో డోలు కొడతాడు. అతనికి ర్యామ్ గురించి ఏం తెలుసని నేను అడగలేదు. అనుమానానికి సాక్షి దొరికితే చాలు, ఆ సాక్షి ఎవరని చూసేంత ఓపిక నాకెక్కడిది?

మా అమ్మాయి గోళ్ల రంగు సీసా తెచ్చాను. ఎర్రది. రేకు విప్పడం చూసి చూసి నేర్చుకున్నాను, రెండు స్క్రూలే. ముందున్న ర్యామ్ మీద కాగితం ముక్క అతికించి ఉంటుంది, దాని మూలన చిన్న చుక్క పెట్టాను. వెనకది వైర్ల కట్ట కింద ఉంది, చెయ్యి పోలేదు. ఒక్కటి చాలులే అనుకున్నాను. రంగు ఆరేదాకా నోటితో ఊది రేకు బిగించాను. ఇంట్లో చెబితే మా ఇంటాయన తింటున్న కంచంలోనే చెయ్యి ఆపేశాడు. "గా ముసలాయనకు గుర్తు పెడుతవా? సిగ్గనిపిస్తలేదా నీకు?" అన్నాడు. ఈయనకు లోకం తెలియదనుకున్నాను.

మూడో రోజు మళ్లీ కూతలు. భాయ్ వచ్చాడు, రేకు విప్పాడు. "చెల్లె, జర చాయ్..." అన్నాడు. పోయాను. కావాలనే మెల్లగా పోయి మెల్లగా వచ్చాను. తెర వెలుగుతోంది. చాయ్ తాగి ఆయన సైకిలెక్కి పోయాడు. సందు మలుపు తిరిగేదాకా చూసి, రేకు విప్పి సెల్‌ఫోన్ లైటు వేశాను. ముందున్న ర్యామ్ మీద చుక్క లేదు.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు, కోపం కూడా కాదు. సంతోషం. చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గాని, సంతోషమే. నేను అనుకున్నదే నిజమైందని.

అప్పటికప్పుడు షట్టర్ దించి పాత బస్టాండుకు నడిచాను. భాయ్ కొట్టు ముందు ముగ్గురున్నారు. ఒక రిటైరైన సారు, చాయ్ గ్లాసులు ఏరుకుంటున్న మనిషి, కమ్మర్‌పల్లి నుంచి బడి కంప్యూటర్ పట్టుకొచ్చిన టీచరమ్మ. ఆమె డబ్బా అప్పుడే బల్ల మీద పెట్టి పోబోతోంది. నేను గొంతు తగ్గించలేదు.

"భాయ్, నా ర్యామ్ నాకియ్యి."

"ఏ ర్యామ్ చెల్లె?"

"నేను ఎర్ర చుక్క పెట్టింది. పొద్దుగాల ఉండె. నువ్వు పోయినంక లేదు. నాకేం తెల్వదనుకున్నవా?"

చేతిలో స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. నన్ను దొంగనంటవా అని అరుస్తాడని చూశాను. "చుక్క పెట్టినవా?" అని మాత్రం అడిగాడు. "నా కోసం చుక్క పెట్టినవా చెల్లె?"

ఆయన అరలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసి బల్ల మీద కుమ్మరించాడు. పాత ర్యామ్‌లు, ఓ ఇరవై దాకా. "ఏరుకో" అన్నాడు. ఏరాను. ఒక్కదాని మీదా చుక్క లేదు. అందరూ చూస్తున్నారు. ఇంతదూరం వచ్చి వట్టి చేతులతో ఎట్లా పోవడం? నా దానిలాగే కనిపించినదొకటి తీసి, "గిదే. రంగు గీకేసినట్టున్నవ్" అన్నాను.

"అదేనా?"

"గదే."

"తీస్కపో" అన్నాడు. మిగిలినవి డబ్బాలో వేసుకుంటుంటే ఆయన నా వైపు చూడలేదు. తప్పు చేసినవాళ్లు మొహం చూడలేరులే అనుకున్నాను. టీచరమ్మ తన డబ్బాను మెల్లగా బల్ల మీది నుంచి తీసుకుంది. "రేపొస్త భాయ్, జర పని యాదికొచ్చింది" అని ఆటో పిలిచింది. ఆమెను కాపాడానని అనుకున్నాను నేను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

ఆ ర్యామ్‌ను పర్సులో పెట్టుకుని తిరిగాను, సాక్ష్యంగా. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించాను. అయిదో రోజు డబ్బా మళ్లీ ఒర్లింది. ఇక ఎవర్ని పిలవాలి? పెళ్లి పత్రికలు ఆరు ఆగి ఉన్నాయి. డబ్బాను చద్దరులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో నిజామాబాద్ తీసుకుపోయాను. అక్కడ పెద్ద దుకాణం, ఏసీ, ముప్పై ఏళ్ల మెకానిక్. నేను అతని మోచేతి పక్కనే నిలబడ్డాను. అతను రేకు విప్పి లోపలికి చూసి తలెత్తాడు.

"మేడం, మీది ఆర్మూరా?"

"నీకెట్ల తెలిసింది?"

ముందున్న ర్యామ్ పీకి, అది కూర్చునే సందులో పళ్లపుల్ల పెట్టి గీకాడు. పుల్ల కొసకు పచ్చటి ముద్ద అంటుకుని వచ్చింది. నా ముక్కు దగ్గర పెట్టాడు. పసుపు వాసన.

"ధూళైతే దులిపితే పోతది. గిది తడిసి పేస్టయింది. తుడిస్తే నాలుగు దినాలు నడుస్తది, మళ్ల పడుతది. లోపలికి తడి యాడికెళ్లి వస్తున్నది?"

గోనె సంగతి చెప్పాను. నీళ్లు చల్లడం కూడా చెప్పాను. అతను ముందు నమ్మలేదు, తర్వాత పక్కనున్న అతన్ని పిలిచి మరీ నవ్వాడు. "పసుపు సంచిని నానబెట్టి, దాని ముంగట ఫ్యాన్ తిరిగే డబ్బా పెట్టిండ్రా మేడం? ఉతికితే పసుపు పోతదా?" పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పసుపు మధ్యనే ఉన్నదాన్ని. చీర అంచుకు అంటితే పోదని నాకు తెలియదా? సంచికి అంటింది పోతుందని ఎట్లా అనుకున్నాను? నవ్వితే నవ్వనీ అని ఊరుకున్నాను. ఈలోగా అతను వైర్ల కట్ట పక్కకు జరిపి వెనక ర్యామ్ పీకాడు.

"గిదేంది, గోళ్ల రంగా?"

కాగితం మూలన నేను పెట్టిన చుక్క, అట్లాగే ఉంది.

"ఇది ముంగట ఉండె గదా!" అన్నాను.

"ఉంటది. ఏది పాడైందో తెల్వాలంటే ముంగటిది ఎనకకు, ఎనకది ముంగటకు మార్చి చూస్తం. ఎవరైనా గంతే చేస్తరు మేడం. మీ మెకానిక్ మంచిగ చేసినట్టున్నడు, కెపాసిటర్ గూడ సాఫ్‌గ అతికిచ్చిండు."

అప్పుడు నా పర్సులో మూడో ర్యామ్ ఉంది. నాది కానిది. నలుగురి ముందు నాదని చెప్పి తెచ్చుకున్నది. అక్కడ దొంగ ఎవరో చెప్పడానికి వేరే అనుమానం అక్కర్లేదు. బస్సులో ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఏడ్చాను.

ఇంటికి రాగానే గోనె పీకి పారేశాను. ఆ సులువైన పని అయిపోయింది. భాయ్ కొట్టుకు పోవడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. పోయినా, కొట్టు ముందు మనుషులుంటే ఆగకుండా దాటిపోయాను. అనేటప్పుడు నలుగురూ కావాల్సి వచ్చింది నాకు. తప్పు ఒప్పుకునేటప్పుడు ఒక్కరూ ఉండొద్దు. మూడోసారి తిరిగొచ్చేసరికి ఎవరూ లేరు. ర్యామ్ బల్ల మీద పెట్టాను.

"నాది దొరికింది భాయ్. ఎనక ఉండె. మాఫ్ చెయ్."

ఆయన దాన్ని తీసి, రబ్బరుతో పళ్లు తుడిచి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. "చేసిన" అన్నాడు. మూత పెట్టి, "గోనె తీసినవా?" అని అడిగాడు.

"తీసిన."

"మంచి పని చేసినవ్."

అంతే. నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నేను ఎవరెవరికి చెప్పానో వాళ్లందరి దగ్గరికీ మళ్లీ పోయి, తప్పు నాదేనని చెప్పాను. టైలరమ్మ "అట్లనా" అంది. రిటైరైన సారు, "మల్ల రాజీ పడ్డరా మీరిద్దరు?" అని కన్ను చికిలించాడు. ఇంకొకామె, "నీ ర్యామ్ నీకిచ్చేసిండు గదా, గందుకే వెనకేసుకొస్తున్నవ్" అంది. నేను అరిచాను, ఒట్టు పెట్టాను. అరిచిన కొద్దీ వాళ్ల అనుమానం పెరిగింది. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే. నలభై ఏళ్లుగా లోకాన్ని నేను చూస్తున్నది ఆ చూపుతోనే.

వానలు పడ్డాక డబ్బాలో కరెంటు భాగం కాలిపోయింది. భాయ్ దగ్గరికే తీసుకుపోయాను. బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ బజారుకు తిరిగాను.

"చెల్లె, ఆగు. కూసో" అన్నాడు.

బల్లకు ఎదురుగా కొత్త ప్లాస్టిక్ స్టూలు ఉంది. కూర్చున్నాను. ఒక్కో ముక్కా విప్పి, నా చేతికిచ్చి, నేను చూశాకే పక్కన పెట్టాడు. ర్యామ్‌లు రెండూ నా అరచేతిలో పెట్టి, "జూసుకో" అన్నాడు. "భాయ్, నన్ను కొట్టరాదు గిట్ల చేసే బదులు" అన్నాను. "నీ ఒక్కదానికి కాదు చెల్లె. అందరికీ గిట్లనే చేస్తున్న" అన్నాడు. గొంతులో కోపం లేదు.

అంతలో కమ్మర్‌పల్లి టీచరమ్మ వచ్చింది. అదే ఆమె, అదే బడి కంప్యూటర్. నన్ను గుర్తుపట్టిందో లేదో, డబ్బా బల్ల మీద పెట్టి తొందర తొందరగా మెట్లు దిగుతోంది.

"కూసో బిడ్డా. నువ్వుండంగనే ఇప్పుత" అన్నాడు భాయ్.

"బడికి టైమైతుంది భాయ్. సాయంత్రం వచ్చి తీస్కపోత. నీ మీద నమ్మకం లేకనా?"

"నీకున్నది బిడ్డా. నాకే లేదు."

ఆమెకు అర్థం కాలేదు. నేను లేచి స్టూలు ఆమెకిచ్చాను. ఆమె గడియారం చూసుకుంటూ కూర్చుంది. భాయ్ స్క్రూడ్రైవర్ అందుకుని, ఆమె చూస్తోందా లేదా అని ఒకసారి తలెత్తి చూసి, మొదటి స్క్రూ విప్పాడు.